ఎర్తమ్మకు రెండు బిందెలు

ఆ రోజు పొద్దున ఆరు గంటలకు మా ఆసుపత్రిలో పదకొండు సెలైను సీసాలు మిగిలి ఉన్నాయి. వార్డులో, వరండాలో, బయట వేసిన తాటాకు పందిట్లో కలిపి నలభై ముగ్గురు రోగులున్నారు. ఆ నలభై ముగ్గురిలో ఒకడు మా అన్న హెబ్రోను.

అది అరవై మూడో సంవత్సరం, రోహిణి కార్తె. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు పోతే ఇసుక దిబ్బల మధ్యన ఉంటుంది మా మిషను ఆసుపత్రి. ఆ ఏడు బావులు అడుగంటాయి. జనం చెలమల్లో తోడుకొని తాగారు. సముద్రం ఒడ్డు పాలేల్లో మొదలైన వాంతిభేది ఇరవై రోజుల్లో పది ఊళ్ళకు పాకింది. దానికి మందు నీళ్ళే. మనిషిలోంచి పోయిన నీళ్ళూ ఉప్పూ తిరిగి నరంలోకి ఎక్కించాలి. నోటితో పోస్తే నోటితోనే వచ్చేస్తుంది. ఆ సెలైను మేమే తయారు చేసుకునేవాళ్ళం. బాయిలరు ఆవిరితో నీళ్ళను బట్టీ పట్టి, తూకం ప్రకారం ఉప్పు కలిపి, సీసాలకు పోసి, మళ్ళీ అదే ఆవిరిలో ఉడికించేవాళ్ళం. బాయిలరు నడిస్తే రోజుకు నూటయాభై సీసాలు. నడవకపోతే కట్టెల పొయ్యి మీద పాత రాగి బట్టీతో నాలుగో అయిదో.

ఆ బాయిలరు నా బాధ్యత. నేను బి.యస్సీ. ఫిజిక్సు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. అన్న అయిదో తరగతిలో బడి మాని తాపీ పట్టుకున్నాడు కాబట్టి నేను చదివాను. నేను చదువుకున్న పుస్తకాల్లో అన్న కట్టిన గోడలు కనిపిస్తాయి నాకు. ఆసుపత్రిలో యంత్రాల సూపర్‌వైజరుగా చేరి అప్పటికి ఆరు నెలలు.

బాయిలరు పొయ్యిలో మండేది డీజిలు. పంపు దాన్ని సన్నగా చిమ్ముతుంది, నిప్పురవ్వ అంటిస్తుంది. మంట లేకుండా నూనె చిమ్ముతూ పోతే కాసేపటికి పొయ్యే పేలిపోతుంది. అందుకని బర్నరు ముందుపలకలో బొటనవేలంత గాజు గొట్టం ఒకటి ఇత్తడి తొడుగులో బిగించి ఉంటుంది. అది మంటను చూస్తూ ఉండాలి. చూసినంత సేపూ గోడ మీది పెట్టెలో పచ్చ బల్బు వెలుగుతుంది. చూపు తప్పితే పది లెక్కపెట్టేలోగా నూనె ఆగిపోయి ఎర్ర బల్బు. అందరం దాన్ని ‘కన్ను’ అనేవాళ్ళం.

రెండు రోజులుగా బాయిలరు మధ్య మధ్య ఆగుతూ, మళ్ళీ మీట నొక్కితే నడుస్తూ వచ్చింది. ఆ పొద్దున ఇక నిలవలేదు.

“మంట వచ్చింది సార్,” అన్నాడు మాల్యాద్రి. బాయిలరు దగ్గర పదేళ్ళుగా పని చేస్తున్న మనిషి. చిన్న కంతలోంచి లోపలికి చూస్తున్నాడు. “ఎర్రగా, బాగానే ఉండాది. ఆరు, ఏడు, ఎనిమిది...”

టక్‌మని మీట పడింది. ఎర్ర బల్బు.

“నాకు కనపడతా ఉండాది, దాని కంటికేం రోగం?”

“రోగం కన్నుకో మంటకో చూద్దాం,” అన్నాను.

చెప్పులు ఎప్పటిలాగే గుమ్మం బయట విడిచి లోపలికి పోయాను. మాల్యాద్రి అప్పుడే బండలు కడిగాడు, నేల తడిగా ఉంది. కన్నును మర తిప్పి ఊడదీశాను. దాని తీగ అలాగే ఉంచి, గాజును స్పిరిటుతో తుడిచాను. దూది నల్లబడింది. అయితే ఇదే అనుకున్నాను. కన్నును చేత్తో పట్టుకొని టార్చిలైటు వేశాను. టక్. పచ్చ బల్బు. టార్చి ఆర్పాను, పచ్చ బల్బు ఆరిపోయింది. మూడుసార్లు చూశాను. కన్ను నిక్షేపంగా ఉంది.

మళ్ళీ బిగించి బర్నరు అంటించాం. మంట వచ్చింది. పది లెక్కపెట్టేలోగా ఎర్ర బల్బు.

చేతిలో ఉన్నప్పుడు చూసే కన్ను పలకలో బిగిస్తే చూడడం లేదు. అంటే కన్నుది కాదు తప్పు, మంటది. మంట పలచగా ఉందో, కన్నుకు ఎదురుగా రావడం లేదో. నేను కాలేజీలో నేర్చుకున్న తర్కం ఇదే. దాన్ని నమ్ముకొని రెండు గంటలు పోగొట్టాను. నూనె చిమ్మే ముక్కు ఊడదీసి సూదితో పొడిచి కడిగాం. ఫిల్టరు విప్పాం. కన్ను ముందుండే గొట్టంలో మసి గీకాం. నేలంతా డీజిలు అయింది. బూడిద చల్లినా కాళ్ళు జారుతున్నాయని ఇద్దరం చెప్పులు తెచ్చి తొడుక్కున్నాం.

మళ్ళీ అంటించాం. ఈసారి మంట తెల్లగా, నిండుగా వచ్చింది. మళ్ళీ ఎర్ర బల్బే.

మాల్యాద్రి నా ముఖం వంక చూడకుండా అన్నాడు. “ఒక మాట సార్. కన్నును బయటికి తీసి లాంతరు చూపిస్తా కూర్చుంటే అది నమ్ముతాది. పచ్చ బల్బు పడతాది. ఆవిరి వచ్చేదాకా నేను పట్టుకుంటా.”

“ఓబులేసు మేస్త్రీ పట్టుకున్నట్టా?”

వాడు తల వంచుకున్నాడు. నాకు ముందు ఇక్కడ మేస్త్రీగా ఉన్న ఓబులేసు ఒకనాడు ఆ పనే చేశాడట. లాంతరు వెలుగుతూనే ఉంది, లోపల మంట ఆరిపోయింది, నూనె చిమ్ముతూనే ఉంది. కాలిన ఇటుకల వేడికి అంతా ఒక్కసారిగా అంటుకొని పొయ్యి తలుపు ఎగిరి వచ్చి ఆయన మీద పడింది. తొమ్మిది రోజులు మా ఆసుపత్రిలోనే ఉండి చనిపోయాడు.

తొమ్మిది గంటలకు డాక్టర్ కరుణాకుమారి గారు గుమ్మంలోకి వచ్చారు. మూడు రోజులుగా ఆమె కుర్చీలోనే కునుకు తీస్తున్నారు.

“నెల్లూరు నుంచి జీపు తిరిగొచ్చింది. పన్నెండు సీసాలు ఇచ్చారు, అక్కడా కరువే. మద్రాసు కంపెనీ మనిషి రేపటికి గాని రాడు. ఎంతసేపు పడుతుంది విజయభాస్కర్?”

“తెలియదండి.”

“ఆ మాట నేను వార్డులో చెప్పలేను,” అన్నారు. కోప్పడలేదు. “మీ అన్నను ఒకసారి చూసి రా. తర్వాత తీరికుంటుందో లేదో.”

చేతులు గుడ్డకు తుడుచుకొని వార్డుకు నడిచాను.

అన్న వార్డులో మూలమంచం మీద ఉన్నాడు. సిమెంటు బస్తాలు మోసిన మనిషి. ఒక్క రాత్రిలో బుగ్గలు లోపలికి పోయి, వేళ్ళు చాకలి రేవులో నానినట్టు ముడతలు పడ్డాయి. గొంతు లేదు. పెదవుల దగ్గర చెవి పెట్టాను.

“ఏరా బీయస్సీ. పొయ్యి అంటుకొనిందా?”

“అంటుకుంటుంది అన్నా. కాసేపట్లో.”

“మన అమ్మ అయితే... ఊదేది. ఊది చూడు.” నవ్వబోయాడు. పిక్కలు పట్టేసి ముఖం తిప్పుకున్నాడు.

పక్కమంచం మీద గంగాధరం అనే రైతు ఉన్నాడు. ఆయన భార్య వెంకటశేషమ్మ విసనకర్రతో విసురుతూ ఉంది. లోపలి ఊళ్ళ నుంచి బండి కట్టించుకొని తెల్లారేసరికి తీసుకొచ్చిందట.

“సీసాల మిషను చూసే అయ్య నువ్వేనా?” అంది.

“అవునమ్మా.”

“మా ఆయనకు ఇందాక ఒకటి ఎక్కించినారు. కళ్ళు తెరిచినాడు. ఇంకొకటి ఎప్పుడిస్తారు?”

డాక్టరమ్మగారు నా వెనకే వచ్చారు. చేతిలో ఒకే సీసా ఉంది, మిగతావన్నీ అప్పటికే తగిలించేశారు. గంగాధరం మణికట్టు పట్టుకొని కాసేపు నిలబడ్డారు. తర్వాత అన్నది పట్టుకున్నారు. మళ్ళీ గంగాధరంది. ఆ తర్వాత సీసాను అన్న మంచం పక్క కొక్కేనికి తగిలించారు.

“నీ భర్తకు నాడి ఇంకా తగులుతోంది. తర్వాతది ఆయనకే ఇస్తానమ్మా,” అని వెంకటశేషమ్మతో అన్నారు.

“అట్నే తల్లీ,” అందామె.

నేను తిరిగి బాయిలరు దగ్గరికి పరుగెత్తాను. దారిలో ప్రార్థన చేయబోతే మాటలు రాలేదు. గుమ్మంలో అడుగు పెడుతూనే, “లాంతరు వెలిగించు,” అన్నాను.

మాల్యాద్రి నన్నే చూశాడు. “నేను పట్టుకుంటా సార్. మీరు బయట ఉండండి.”

“నేనే పట్టుకుంటాను. నువ్వు కంతలోంచి మంట చూడు. ఆరితే కేక వెయ్యి.”

తప్పని తెలుసు. మా అన్నకు సీసా రెండు గంటల్లో అయిపోతుందనీ తెలుసు. బర్నరు అంటుకుంది. కన్నును ఊడదీసి ఎడమచేత్తో పట్టుకొని లాంతరు ముందు పెట్టాను. లెక్కపెట్టాను. నాలుగు, అయిదు, ఆరు. పచ్చ బల్బు రాలేదు. లాంతరును గాజుకు ఆనించాను. తొమ్మిది. టక్. ఎర్ర బల్బు.

టార్చి వేశాను. ఏమీ లేదు. గుమ్మం దాకా లాగి ఎండకు చూపించాను. ఆ ఎండకు మనిషి కళ్ళు మూసుకోవాలి. కన్నుకు చీమ కుట్టినట్టు లేదు.

“పూర్తిగా పోయిందిలే సార్,” అన్నాడు మాల్యాద్రి. “కొన ఊపిరి ఉండింది పొద్దున. పోయింది.”

నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. పాపం చెయ్యడానికి తెగించినా పని కాలేదు. పొద్దున ఆరింటికి చూసింది, పదింటికి చూడడం లేదు. అదే కన్ను, అదే టార్చి, అదే చెయ్యి. తుడిచాను, గీకాను, బిగించాను. ఏం మారింది? గాజు పగల్లేదు. తీగ తెగలేదు. నేనూ అదే మనిషిని.

అదే మనిషినా? పొద్దున నేను వట్టి కాళ్ళతో ఉన్నాను.

లేచి చెప్పులు విడిచాను. అవి ఎండిన తోలు చెప్పులు. బండ మీద బిందెడు నీళ్ళు పోయమని, ఆ తడిలో నిలబడి కన్నుకు టార్చి చూపించాను. టక్. పచ్చ బల్బు. ఒక చెప్పు తొడుక్కొని ఆ కాలి మీదే నిలబడ్డాను. బల్బు ఆరింది. రెండో కాలు కింద పెట్టాను. వెలిగింది.

“ఇదేందబ్బా,” అన్నాడు మాల్యాద్రి. “చెప్పులు వేసుకుంటే అలుగుతుందా?”

“అలగడం కాదు. కన్నుకు ఒక తీగే పెట్టెలోకి పోతోంది. రెండోది ఏది?”

“ఒకటే సార్ ముందు నుంచీ. రెండో తీగకు అప్పట్లో కేబులు చాలకపోతే, తొడుగు పలకకు తగిలితే చాల్లే అన్నాడు ఓబులేసు మేస్త్రీ. పలక నుంచి భూమిలోకి, భూమిలోంచి పెట్టెకు తిరిగొస్తాదంట.”

ఇక చెప్పనక్కర్లేదు. కన్ను చూస్తూనే ఉంది. చూసింది చెప్పుకోడానికి దానికి దారి లేదు. చేత్తో పట్టుకున్నప్పుడు నా ఒళ్ళే ఆ దారి అయింది. చేతిలోంచి, కాళ్ళలోంచి, తడి బండలోంచి భూమికి. పలకలో బిగించినప్పుడు చుట్టూ ఇటుకలూ ఆస్‌బెస్టాస్ తాడే, ఇంకేమీ లేదు.

“పలక నుంచి పోయే ఎర్త్ తీగ ఎక్కడ దిగుతుంది?”

“ఎర్తమ్మ కాడ,” అన్నాడు మాల్యాద్రి.

అని నాలుక కరుచుకున్నాడు. నా ముఖం ఎలా మారిందో నాకు తెలియదు.

ఎర్తమ్మను నేనెరుగుదును. బాయిలరు గది వెనక ఇసుకలో జానెడు పైకి లేచిన ఇనుప గొట్టం, దాని నోట్లో ఒక గరాటు. చేరిన కొత్తలో చూశాను. చెంచమ్మ అనే పనిమనిషి ప్రతి పొద్దునా రెండు బిందెల నీళ్ళు తెచ్చి ఆ గరాటులో పోసేది. పోసి, గొట్టానికి పసుపు రాసి, కుంకుమ పెట్టేది. ఏం చేస్తున్నావని అడిగితే, “ఎర్తమ్మకు నీళ్ళు పోస్తుండానయ్యా, మేస్త్రీ పొయ్యమన్నాడు,” అంది. మిషను ఆవరణలో ఇదేమిటి అనుకున్నాను. మా నాయన చర్చి సంఘంలో పెద్ద. గొట్టాలకు కుంకుమ పెట్టే అజ్ఞానం పోవాలనే నన్ను చదివించారు. అయినా అప్పటికి ఊరుకున్నాను. ఇరవై రోజుల కిందట జబ్బు మొదలై, ఆవరణలో ఎక్కడా తడి ఉండకూడదు, ఈగలు వాలకూడదు అని డాక్టరమ్మగారు చెప్పినప్పుడు, మొదట నాకు గుర్తొచ్చింది ఆ చోటే. గరాటు తీయించి గొట్టం మీద సిమెంటు బిళ్ళ వేయించాను. చెంచమ్మను వార్డులో బకెట్లు కడిగే పనికి మార్చాను. “నీళ్ళు పొయ్యకపోతే ఎట్టయ్యా, మేస్త్రీ గట్టిగా చెప్పినాడే,” అంటే, “మేస్త్రీ లేడు గదా ఇప్పుడు,” అన్నాను.

నేను చదివిన పుస్తకంలో ఎర్త్ గుర్తు అంటే ఒకదాని కింద ఒకటి మూడు చిన్న గీతలు. పొడి ఇసుకలో కరెంటు పారదనీ, దానికీ దాహం వేస్తుందనీ ఏ పుస్తకంలోనూ లేదు. ఉంటే ఉండవచ్చు, పరీక్షకు రాలేదు.

ఆ సిమెంటు వేసింది మా అన్నే. ఆదివారం ఆరాధన అయ్యాక తాపీ తెచ్చుకొని, తమ్ముడి మాట అని వేసి పెట్టాడు.

“పోయి చెంచమ్మను పిలుచుకొని రా,” అన్నాను. “గడ్డపార తీసుకొని అటునుంచి అటే వెనక్కి పోండి. ముందు బర్నరు అంటించు.”

మంట వచ్చింది. కన్నును దాని చోట బిగించి, గోనెసంచి నీళ్ళలో ముంచి మడిచి, దాని మీదుగా నా ఎడమచేతిని పలకకు ఆనించాను. కాళ్ళు తడిలో ఉన్నాయి. ఏడు, ఎనిమిది. టక్. పచ్చ బల్బు. పది దాటింది, ఇరవై దాటింది. మంట నిలిచింది. కన్ను నిజమైన మంటనే చూస్తోంది. ఆరితే ఆపుతుంది. ఇందులో దొంగతనం లేదు. నేను చెయ్యి తియ్యకుండా ఉంటే చాలు.

గోడ అవతల వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

“ఇప్పుడెందుకంట?” అంటోంది చెంచమ్మ. “తడి ఉంటే ఈగలొస్తాయన్నాడు గదా.”

“నోరు ముయ్యి మే. లోపల చెయ్యి కాల్చుకుంటా ఉండాడు.”

“కాల్చుకోనీ. మూత వేసినోళ్ళే తియ్యాల, ఆయనే రావాల.” తర్వాత కిటికీ దగ్గరికి వచ్చింది. చీరంతా ఫినాయిలు వాసన. నన్ను, నా చేతిని, నేల మీది తడిని చూసింది. “అయ్యా, మీ ప్రభువుకు కోపం రాదు గదా, ఎర్తమ్మకు నీళ్ళు పోస్తే?”

“పొయ్యి చెంచమ్మా. తప్పు నాది. నీళ్ళు పొయ్యి.”

“వట్టి నీళ్ళు చాలవు. ఇరవై దినాలు ఎండబెట్టినారు. ఉప్పు కావాల. ఆసుపత్రి ఉప్పు కాదు, రాళ్ళుప్పు. మా ఇంట్లో కుండెడు ఉండాది.” మాల్యాద్రితో, “నువ్వు కొడతా ఉండు, నేను వస్తా,” అని పాలెం వైపు పరుగెత్తింది.

అన్న పెట్టిన సిమెంటు తేలిగ్గా పగల్లేదు. గడ్డపార దెబ్బలు ఒక్కొక్కటే విన్నాను. గోనె మీది నీళ్ళు ఆవిరైపోతున్నాయి. కుడిచేత్తో చెంబుతో పోసుకుంటున్నాను. ముందు వేడి, తర్వాత మంట, తర్వాత చెయ్యి నాది కానట్టు ఉంది. రెండుసార్లు జారింది. రెండుసార్లూ పచ్చ బల్బు ఆరి, నా ప్రాణం పోయి, పది లోపల మళ్ళీ ఆనించాను. ఆవిరి ముల్లు సున్నా నుంచి కదిలి అయిదు దగ్గరికి వచ్చింది. పది. పదిహేను.

“పగిలింది,” అని మాల్యాద్రి కేక. “సార్, తీగ పచ్చగా చిలుమెక్కి పోయింది, బిగింపే లేదు. ముట్టుకుంటే రాలుతోంది.”

“గీకి, గొట్టానికి గట్టిగా చుట్టు. వైరుతో కట్టు.”

చెంచమ్మ వచ్చింది. ఉప్పు పోసిన చప్పుడు, నీళ్ళు పోసిన చప్పుడు. “ఒక బిందె తాగింది. ఇంకొకటి. బుడగలు వస్తా ఉండాయి. బుడగలు ఆగిందాకా పొయ్యాలని చెప్పినాడు మేస్త్రీ.” మూడో బిందె. నాలుగో బిందె. “ఎంత దాహం తల్లీ నీకు,” అని గొట్టంతో మాట్లాడుతోంది. అయిదో బిందెకు, “చాలయ్యా, చెయ్యి తియ్యి,” అంది.

తీశాను. కళ్ళు మూసుకొని పది లెక్కపెట్టాను. పదిహేను, ఇరవై. తెరిస్తే పచ్చ బల్బు వెలుగుతూనే ఉంది. గోనెసంచికి నా అరచేతి తోలు కొంత అంటుకొని ఉంది.

పన్నెండు గంటలకు బట్టీలోకి ఆవిరి వదిలాం. నీళ్ళు చుక్కలు చుక్కలుగా దిగుతాయి, ఎవరి తొందరా వాటికి పట్టదు. కలపాలి, వడకట్టాలి, సీసాలకు పోసి మూతలు కట్టాలి, ఆవిరిలో ఉడికించాలి, చల్లార్చాలి. వేడి సెలైను నరంలోకి ఎక్కించడానికి లేదు. మొదటి ఇరవై సీసాలు మూడుంబావుకు వార్డుకు పోయాయి. నేను బాయిలరు దగ్గరే ఉన్నాను. ఎవరు ఉన్నారో ఎవరు పోయారో అడగడానికి ధైర్యం లేదు. నాలుగింటికి డాక్టరమ్మగారే వచ్చారు.

“మీ అన్నకు రెండో సీసా ఎక్కుతోంది. మూత్రం వచ్చింది. బతుకుతాడు.”

ఆమె నా చెయ్యి తిప్పి చూసి మందు రాయిస్తానన్నారు. అప్పుడు చెప్పాను. ఎర్త్ సంగతి, నీళ్ళ సంగతి, సిమెంటు సంగతి, లాంతరు సంగతి కూడా. ఆమె గుమ్మానికి ఆనుకొని అంతా విన్నారు.

“తడి లేకుండా చూడమన్నది నేను,” అన్నారు చివరికి. “అయినా ఎందుకు పోస్తోందో ఆ చెంచమ్మను నువ్వూ అడగలేదు, నేనూ అడగలేదు. జరిగింది జరిగినట్టు రాసి ఇవ్వు.” వెళ్ళబోయి ఆగారు. “మధ్యాహ్నం ముగ్గురు పోయారు. మీ అన్న పక్కమంచం ఆయన ఒకరు. ఒంటిగంటన్నరకు. తొమ్మిదింటికి ఆయన నాడి బాగానే ఉండింది.”

సాయంత్రం ఎండ వాలాక మాల్యాద్రికి అప్పగించి వార్డుకు పోయాను. అన్న నిద్రపోతున్నాడు. ఊపిరి తీస్తుంటే దుప్పటి కదులుతోంది. పక్కమంచం ఖాళీ. దాన్ని అప్పటికే సున్నం నీళ్ళతో కడిగారు.

గంగాధరాన్ని వెనక పాకలో పడుకోబెట్టి ఉన్నారు. జబ్బుతో పోయినవాళ్ళను ఊరికి తీసుకుపోనివ్వరు, అక్కడే సముద్రపొడ్డున కాల్చాలి. వెంకటశేషమ్మ తలాపున కూర్చొని ఉంది. ఆమె వైపు మగవాళ్ళు ముగ్గురు దూరంగా నిలబడి ఉన్నారు. వెదురు పాడె కట్టి సిద్ధంగా ఉంది.

నన్ను చూసి ఆమె చేతులు జోడించింది. “నువ్వు చెయ్యి కాల్చుకొని నడిపించినావంట గదా. మాకు అందకపోయినా నలుగురికి అందింది. చల్లగా ఉండు నాయనా.”

ఆ మాట వింటూ ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అన్న లేస్తే, ఊరుకోరా అనే అంటాడు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

“అమ్మా, ఆ యంత్రం చెడిపోయింది నా వల్లే. దానికి రోజూ నీళ్ళు పొయ్యాలి. తెలియక ఆపించాను. ఆపించకపోయి ఉంటే పొద్దునే సీసాలు వచ్చేవి. మీ ఆయనకూ అందేది.”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. దూరంగా ఉన్నవాళ్ళలో ఒకడు రెండడుగులు ముందుకొచ్చాడు.

“నీళ్ళా?” అంది ఆమె. “నీళ్ళు పొయ్యకనా?”

“అవునమ్మా.”

“మీ అన్న బతికినాడా?”

“బతికాడు.”

“ఆ సీసా మా కళ్ళ ముందరే తగిలించింది డాక్టరమ్మ.” ఆమె గొంతు పెరగలేదు. విసనకర్ర ఇంకా చేతిలోనే ఉంది. అలవాటుగా రెండుసార్లు విసిరి ఆపింది. “నేనూ, అట్నే తల్లీ అన్నాను.”

 

చీకటి పడకముందే కానివ్వాలని పాకలోకి తొంగి చూసి ఎవరో అన్నారు. ఆమె ఆ ముగ్గురి వైపు చూసింది. “మా ఊరోళ్ళు ఇంకెవరూ రాలా. భయం. మొయ్యడానికి ముగ్గురే ఉండారు.” తర్వాత నా వైపు తిరిగింది. “నాలుగో మనిషి కావాల. నువ్వు పడతావా?”

ఆ ముగ్గురిలో పెద్దాయన, “ఏమ్మే, ఆ అబ్బాయి మిషనోళ్ళ...” అని ఆగాడు. నేను ఎవరి ఇంటివాణ్ణో ఆయనకు తెలుసు. మామూలు రోజుల్లో వాళ్ళ వీధిలో నేను పక్కకు తొలగి నడవాలి.

“నేను చెప్పుకుంటాలే మామా, అడిగినోళ్ళకి,” అంది వెంకటశేషమ్మ. నన్ను మాత్రం చూస్తూనే ఉంది. అది క్షమించిన చూపు కాదు. పని చెప్పిన చూపు.

“పడతానమ్మా,” అన్నాను.

ఎడమచేతికి కట్టు ఉంది కాబట్టి కుడి భుజం మీదికి ఎత్తుకున్నాను. గంగాధరం బరువు లేడు. ఒంట్లోని నీళ్ళన్నీ పోయిన మనిషి ఎంత తేలికో అప్పుడే తెలిసింది. దిబ్బ ఎక్కుతుంటే ఇసుకలో నా అడుగు తడబడింది. ముందున్న పెద్దాయన తల తిప్పకుండానే, “మడమలు దిగేసి నడువు అబ్బయ్యా, జారిపోకుండా ఉంటాది,” అన్నాడు. ఆయన చెప్పినట్టే నడిచాను.